సముద్రపు ఒడ్డున అభిప్రాయాల పుస్తకం

పిల్లలూ! ఒకే చోటికి వెళ్ళివచ్చిన ఇద్దరు పెద్దమనుషులు ఒకరికొకరు పూర్తిగా విరుద్ధంగా చెబితే మీరు ఎవరి మాట నమ్ముతారు? నాకు అట్లాంటి చిక్కే వచ్చింది.

భీమునిపట్నంలో సముద్రానికి ఎదురుగా ఒక హోటలు ఉన్నది. కింద భోజనశాల, పైన ఆరు గదులు. మా ఎడమపక్క ఇంటాయన అక్కడ రెండు రోజులుండి వచ్చాడు. "మాస్టారూ, అది హోటలు కాదు, స్వర్గం! గాలికి ఒళ్ళు మరిచి నిద్రపోయాం. ఆ చేపల పులుసు రుచి ఇంకా నాలుక మీదనే ఉన్నది" అన్నాడు. కుడిపక్క ఇంటాయన కూడా అక్కడికే వెళ్ళివచ్చాడు. ఆయన ముఖం చిట్లించి, "డబ్బు దండగ, నిద్ర దండగ! సముద్రం ఒడ్డున ఉండి చేప లేదంటారా? ఊరికే పెట్టినా మళ్ళీ ఆ గడప తొక్కను" అన్నాడు.

ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. మరి నిజమేమిటి? స్వయంగా చూసి తేల్చుకుందామని సంక్రాంతి సెలవులలో మా మనవరాలినీ, మనవణ్ణీ వెంటబెట్టుకుని బయలుదేరాను. మనవరాలు ఏడో తరగతి, మనవడు ఐదో తరగతి చదువుతున్నారు.

విశాఖపట్నం నుంచి భీమునిపట్నానికి సముద్రం వెంబడే రోడ్డు ఉన్నది. దూరం సుమారు 30 కిలోమీటర్లు. బస్సులో కుడివైపు కూచుంటే సముద్రమూ, ఎడమవైపు కూచుంటే కొండలూ కనిపిస్తాయి. ఋషికొండ దాటిన తరువాత తొట్లకొండ వస్తుంది. రెండువేల ఏళ్ళ క్రితం ఆ కొండ మీద బౌద్ధ భిక్షువులు నివసించేవారు. అక్కడ వాననీరు నిలవటానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. అందుకే ఆ కొండకు ఆ పేరు వచ్చింది.

ఇంకా ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి. పేరుకు మట్టి అంటారుగాని, అవి ఇసుక దిబ్బలే. వేలాది సంవత్సరాలపాటు గాలి ఆ ఇసుకను తెచ్చి పోసింది. అందులో ఉన్న ఇనుము గాలీ, తేమా తగిలి ఎర్రబారింది. ఇనుము ఎర్రబారటమనే ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. హోటలుకు చేరాక మళ్ళీ పనికివస్తుంది.

భీమునిపట్నం పాత రేవు పట్టణం. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో హాలండు దేశపు వర్తకులు ఇక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే ఈ ఊరికి పురపాలక సంఘం ఏర్పడింది.

మేము దారిలో దిబ్బలు చూస్తూ పొద్దు పుచ్చాం. హోటలు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. వసారాలో కూచుంటే ఎదురుగా అంతా నీలిరంగే. పిల్లలు కొంతసేపు ఆకలి మరిచిపోయారు. తరువాత ఆకలి వారిని మరిచిపోలేదు! భోజనం రావటానికి ముప్పావు గంట పట్టింది. ఈలోగా వడ్డించే కుర్రవాడు మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. గ్లాసు అంచున ఎండిన సాంబారు మరక ఉన్నది. మనవరాలు ఆ మరక చూపించి చెప్పగానే కుర్రవాడు సిగ్గుపడి, ఆ గ్లాసులు తీసుకుపోయి వేరే గ్లాసులు తెచ్చాడు.

మనవడికి మాత్రం కోపం తగ్గలేదు. బల్ల మీద బాటసారుల అభిప్రాయాల పుస్తకం ఒకటి ఉన్నది. వాడు దానిని ముందుకు లాక్కుని, "ఇది చెత్త హోటలు అని రాస్తాను, తాతయ్యా!" అన్నాడు.

"రాద్దువుగానిలే. ముందు ఇతరులు ఏమి రాశారో చూద్దాం" అన్నాను.

ముగ్గురమూ ఆ పుస్తకం చదివాం. అది చదువుతుంటే ఒక హోటలును గురించి చదువుతున్నట్టు లేదు, పది హోటళ్ళను గురించి చదువుతున్నట్టుంది. "విశాలమైన ఇసుక. పిల్లలు రోజంతా ఆడుకున్నారు" అని ఒకరు రాశారు. "ఆడుకోవటానికి చోటెక్కడ? అలలు మెట్లదాకా వచ్చాయి" అని ఇంకొకరు. "చల్లని గాలి" అని ఒకరు, "రాత్రి ఉక్కతో చచ్చాం" అని మరొకరు. "గది తలుపు గడియలు తుప్పు పట్టాయి" అని ఒకరి ఫిర్యాదు. "కూరలో కారం మండిపోయింది" అని ఒకాయన రాస్తే, దాని కిందనే "కూరలు చప్పగా ఉన్నాయి" అని ఒకామె రాసింది. ఒక పెద్దమనిషి, "సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామని వస్తే నిరాశే మిగిలింది" అని రాశాడు. అది చదివి పిల్లలిద్దరూ పకపక నవ్వారు. తూర్పు తీరంలో సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడుగాని అస్తమిస్తాడా? పాపం, హోటలు యజమాని సూర్యుణ్ణి వెనక్కు తిప్పలేడు గదా!

నవ్వు ఆగాక మనవరాలు ఒక సంగతి కనిపెట్టింది. "తాతయ్యా, ఇక్కడ తేదీలు చూడు. ఇసుక బాగుందన్నవారు అష్టమినాడు వచ్చారు. చోటు లేదన్నవారు పౌర్ణమినాడు వచ్చారు" అన్నది. పంచాంగం మా ఇంటి గోడకు వేలాడుతూ ఉంటుంది. అది రోజూ చూసే పిల్ల కనుక ఆ తేదీలు దానికి గుర్తున్నాయి.

సముద్రానికి రోజుకు సాధారణంగా రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఒక పోటుకూ మరొక పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది. అందుచేత ఈనాటి పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పౌర్ణమికీ, అమావాస్యకూ సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకటిగా కలుస్తాయి. అప్పుడు పోటు పెద్దది. అష్టమి ప్రాంతంలో పోటు చిన్నది. కాబట్టి ఆ ఇద్దరూ నిజమే రాశారు. ఎవరు చూసిన సముద్రాన్ని గురించి వారు రాశారు.

గాలి సంగతి కూడా ఇట్లాంటిదే. పగలు ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు ఆలస్యంగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేవగా, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. అప్పుడు గాలి నేల మీది నుంచి సముద్రం మీదికి వీస్తుంది. ఈ గాలికి బలం తక్కువ. ఒక గాలి పోయి రెండవది వచ్చేలోపల కొంతసేపు ఆకు కూడా కదలదు. ఆ హోటలు గదులకు కిటికీలన్నీ సముద్రం వైపునే ఉన్నాయి. రాత్రి నేల వైపు నుంచి వచ్చే గాలి వాటిలోకి ఎట్లా వస్తుంది? సాయంకాలం వసారాలో కూచున్నవారికి అది స్వర్గం. వేసవి రాత్రి గదిలో పడుకున్నవారికి అది ఆవిరిపెట్టె.

"మరి తుప్పో?" అన్నాడు మనవడు. వాడి కోపం అప్పటికి సగం చల్లారింది.

ఇప్పుడు ఎర్రమట్టి దిబ్బలు గుర్తు తెచ్చుకోండి. ఇనుముకు గాలిలోని ప్రాణవాయువూ, నీరూ తగిలితే తుప్పు పడుతుంది. ఆ నీటిలో ఉప్పు కలిస్తే ఆ పని మరీ చురుకుగా సాగుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. అల విరిగినప్పుడల్లా సన్నని తుంపరలు గాలిలోకి లేస్తాయి. గాలి వాటిని తెచ్చి గడియల మీద, మేకుల మీద, ఫానుల మీద చల్లుతుంది. దిబ్బలకు అందం తెచ్చిన ఎర్రదనమే తలుపు గడియకు చేటు తెచ్చింది! సముద్రం ఎదుట ఉన్నందుకు హోటలు చెల్లించే పన్ను అది. అయితే యజమాని తరచు రంగు వేయిస్తూ, నూనె పెట్టిస్తూ ఉంటే ఆ పన్ను తగ్గుతుంది.

ఇంతలో వేడివేడి అన్నం, పప్పు, వంకాయ కూర వచ్చాయి. వడ్డించే కుర్రవాడు, "ఆలస్యమయిందండీ. రెండున్నరకే వంట అయిపోయింది. మీ కోసం మళ్ళీ పొయ్యి వెలిగించారు" అన్నాడు. వేళ దాటి వచ్చింది మేము. మనవడు నా వంక చూసి తల దించుకున్నాడు.

అప్పుడు నేను వారికి నా పాత కథ ఒకటి చెప్పాను. ముప్పయి ఏళ్ళ క్రితం నేనొక పల్లెటూరి బడిలో ప్రధానోపాధ్యాయుణ్ణి. ఒకనాటి రాత్రి పెద్ద గాలివాన వచ్చి ఊళ్ళో పాకలు కూలిపోయాయి. మర్నాడు సగం మంది పిల్లలు బడికి రాలేదు. సరిగా ఆనాడే తనిఖీకి ఒక అధికారి వచ్చారు. తనిఖీ పుస్తకంలో, "హాజరు చాలా తక్కువ. ప్రధానోపాధ్యాయునికి శ్రద్ధ లేదు" అని రాసి వెళ్ళిపోయారు. గాలివాన మాట రాయలేదు. హాజరు తక్కువన్నది నిజమే. కాని అది సగం నిజం. ఆ తరువాత వచ్చిన అధికారులందరూ మొట్టమొదట ఆ వాక్యమే చదివేవారు. ఆ బడి విడిచి వచ్చేదాకా అది నన్ను విడిచిపెట్టలేదు.

మనవడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే అన్నీ బాగున్నాయని రాయాలా?" అని అడిగాడు.

మంచి ప్రశ్న! అట్లా రాస్తే అది కూడా సగం నిజమే అవుతుంది. పుస్తకంలో ఇంకొక ఫిర్యాదు ఉన్నది. సముద్రం కనిపించే గది ఇస్తామని డబ్బు తీసుకుని, వంటింటి వెనక గది ఇచ్చారట. దానికి చంద్రుడూ కారణం కాదు, గాలీ కారణం కాదు. అది మనిషి చేసిన తప్పు. మా గ్లాసు మీది మరక కూడా అట్లాంటిదే. కారం ఎక్కువ, ఉప్పు తక్కువ అన్నవి వేరు. జిహ్వకో రుచి అన్నారు గదా!

మనవరాలు కలం తీసుకుని తేదీ వేసి, ఇట్లా రాసింది: "మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చాం. వంట అయిపోయినా మా కోసం మళ్ళీ వండారు. ముప్పావు గంట పట్టింది. పప్పు బాగుంది. వసారాలోంచి సముద్రం చాలా అందంగా ఉంది. గ్లాసులు శుభ్రంగా లేవు."

యజమాని వచ్చి అది చదివాడు. "అమ్మాయీ, గ్లాసుల మాట కొట్టెయ్యకూడదూ? ఈ పుస్తకం చూసి వెనక్కు పోయేవాళ్ళున్నారు. ఆరు గదుల మీద బతికేవాళ్ళం" అన్నాడు బతిమాలుతున్నట్టు. మనవరాలు నా వంక చూసింది. నేను సముద్రం వంక చూశాను. అది తానే తేల్చుకోవలసిన సంగతి.

"కొట్టేస్తే రేపు వచ్చేవాళ్ళకు తెలియదు గదండీ" అన్నది అది నెమ్మదిగా. "కాని చెప్పగానే మార్చారని కూడా రాస్తాను. అది కూడా నిజమే గదా." అట్లాగే రాసింది. యజమాని ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆయన మాతో ముభావంగానే ఉన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున లేచి సూర్యోదయం చూశాం. తెప్పలు బారులు తీరి సముద్రంలోకి పోతున్నాయి. తిరిగి వస్తూ వంటింటి వైపు చూస్తే, పొయ్యి మీద పెద్ద గుండిగలో నీళ్ళు తెర్లుతున్నాయి. పక్కన గంపెడు గ్లాసులు కడగటానికి సిద్ధంగా ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. మనవరాలు నా చెయ్యి నొక్కింది.

ఇంటికి వచ్చాక పక్క ఇళ్ళవారిని ఒకే ఒక ప్రశ్న అడిగాను. "మీరు ఎప్పుడు వెళ్ళారండీ?" ఎడమపక్క ఆయన డిసెంబరులో వెళ్ళాడు. కుడిపక్క ఆయన మే నెలలో వెళ్ళాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, తూర్పు తీరంలో యంత్రాలతో నడిచే పడవలు చేపల వేటకు పోరాదని నిషేధం ఉన్నది. చేపలు గుడ్లు పెట్టి వృద్ధి కావటానికి ఆ గడువు. అప్పుడు తెప్పల మీద పట్టి తెచ్చిన కొద్ది చేపలే దొరుకుతాయి. కుడిపక్క ఆయనకు పులుసు దొరకకపోవటం వింత కాదు. ఆ సంగతి వింటూనే ఆయన, "అయితే ఈసారి డిసెంబరులో పోయి చూస్తాను" అన్నాడు.

పిల్లలూ! ఎవరైనా ఒక చోటు బాగుందన్నా, బాగులేదన్నా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఏ వేళ చూశారు? అందులో ప్రకృతి చేసినదెంత? వారి రుచినిబట్టి అన్నదెంత? నిజంగా మనిషి చేసిన తప్పెంత? మీరు ఈ సెలవులలో ఎక్కడికి వెళ్ళినా, తేదీ వేసి, చూసినది చూసినట్టు అయిదారు వాక్యాలు రాయండి. రాసినది మీ అమ్మకో నాన్నకో చూపించి, "ఇందులో సగం నిజం ఎక్కడైనా ఉన్నదా?" అని అడగండి.