ఎదుట నిలిచిందెవరు?

రాకీ మార్సియానో పేరు పక్కన బాక్సింగ్ పుస్తకాలు రెండు అంకెలు వేస్తాయి: 49, 0. ఆడినవన్నీ గెలుపులే. అందులో 43 నాకౌట్లు. హెవీవెయిట్ ప్రపంచ విజేతల్లో ఒక్క ఓటమిగానీ, ఒక్క డ్రాగానీ లేకుండా చేతి తొడుగులు విప్పేసినవాడు ఇతనొక్కడే. 1956 ఏప్రిల్‌లో అతను తప్పుకున్న నాటి నుంచీ ఆ సున్నా మీద వాదన నడుస్తూనే ఉంది. ఎదుట నిలిచినవాళ్లు నిజంగా గట్టివాళ్లేనా, లేక చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమైందా అన్నది ఆ వాదన సారం.

ఈ ప్రశ్న బాక్సింగ్‌ను వెంటాడినంతగా మిగతా ఆటలను వెంటాడదు. టెన్నిస్‌లోనో క్రికెట్‌లోనో ఎవరితో ఎవరు ఆడాలో పట్టిక చెబుతుంది. ఔత్సాహిక బాక్సింగ్‌లో కూడా అంతే, డ్రా తీస్తారు. రెండుసార్లు ప్రపంచ విజేత అయిన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2024 పారిస్ ఒలింపిక్స్‌కు సీడింగ్ లేకుండా వెళ్లింది. రెండో పోరులోనే టాప్ సీడ్, చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది. నిఖత్ ఓడింది, వూ యూ చివరికి స్వర్ణం పట్టుకుపోయింది. అక్కడ ప్రత్యర్థిని ఎంచుకునే వీలు ఎవరికీ లేదు. వృత్తి బాక్సింగ్‌లో అలా కాదు. మేనేజరు, ప్రమోటరు, టీవీ కంపెనీ కూర్చుని బేరం తేల్చాకే గంట మోగుతుంది. మార్సియానో కాలంలో ఆ బేరం దాదాపు ఒకే గదిలో జరిగేది. పెద్ద పోటీలన్నీ జేమ్స్ నోరిస్ నడిపిన ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్ గుప్పిట్లో ఉండేవి. ఆ క్లబ్బులో జోడీలు కుదిర్చే ఉద్యోగం మార్సియానో మేనేజరు ఆల్ వీల్‌దే. రెండు పదవులూ ఒకరికి ఉండకూడదు కాబట్టి కాగితం మీద మేనేజరుగా సవతి కొడుకు పేరు పెట్టారు. విమర్శకుల అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు.

మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌లో, చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే ఇటలీ వలసదారు ఇంట 1923లో పుట్టిన మార్సియానో ఈ వృత్తిలోకి ఆలస్యంగా వచ్చాడు. వరుసగా పోరాటాలు మొదలయ్యేసరికి దాదాపు పాతికేళ్లు నిండాయి. ఎత్తు సుమారు 5 అడుగుల 10 అంగుళాలు. చేతులు చాచిన కొలత 68 అంగుళాలే, హెవీవెయిట్ విజేతల్లో అది అతి తక్కువ కొలతల్లో ఒకటి. తొలి రోజుల్లో ఎక్కువగా పక్క రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో ఆడేవాడు. అక్కడ ఎదురైనవాళ్లలో చాలామంది పేర్లు ఈ రోజు వినబడేది మార్సియానో చేతిలో పడ్డారు కనుకనే. మొదటి 16 పోరాటాలూ నాకౌట్లే. వీటిని పట్టుకుని వాదించడంలో పస లేదు. ఏ విజేత చిట్టా తిరగేసినా తొలి పేజీలు ఇలాగే ఉంటాయి. మొదటి అసలు పరీక్ష 1950 మార్చిలో, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రోలాండ్ లాస్టార్జా రూపంలో వచ్చింది. అప్పటికి అతనూ ఓటమి ఎరగనివాడే. చూసినవాళ్లలో కొందరు లాస్టార్జాయే గెలిచాడనుకున్నారు. మార్సియానోకు దక్కింది న్యాయనిర్ణేతల మధ్య చీలిన గెలుపు. ఆ రాత్రి ఒక్క కార్డు అటు తిరిగి ఉంటే సున్నా లేదు, ఈ చర్చా లేదు.

విమర్శకులు ముందుగా ఎత్తేది మాజీ ప్రపంచ విజేత జో లూయిస్ పేరు. 1951 అక్టోబరులో మార్సియానో ఎనిమిదో రౌండులో లూయిస్‌ను తాళ్ల అవతలికి పడగొట్టాడు. అప్పటికి లూయిస్‌కు 37 ఏళ్లు. 1949లో విరమించినవాడు పన్ను బకాయిల భారంతో తిరిగి రింగెక్కాడు. ఆ ఓటమితో అతని వృత్తి ముగిసింది. ఆ తర్వాత మార్సియానో లూయిస్ గదికి వెళ్లి ఏడ్చాడని చెబుతారు. చచ్చిన పామును కొట్టడం అంటే ఇదేనని ఎవరైనా అంటే గట్టిగా కాదనడం కష్టం. అయితే ఆ పాము అంతకుముందు వరుసగా ఎనిమిది పోరాటాలు గెలిచి వచ్చింది. పూర్తిగా చచ్చి ఉంటే పందేలు కట్టేవాళ్లు దాని వైపు మొగ్గేవాళ్లు కాదు.

జెర్సీ జో వాల్కాట్ లెక్క వేరు. 1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో మార్సియానోను ఎదుర్కొన్నప్పుడు విజేతగా ఉన్న వాల్కాట్‌కు 38 ఏళ్లు. వయసు చూసి ముసలివాడనవచ్చు. కానీ వాల్కాట్ ఆట పండిందే ఆ వయసులో. 1947లో లూయిస్‌ను రెండుసార్లు కింద పడేసి కూడా చీలిన తీర్పుతో ఓడిపోయాడు. ఐదో ప్రయత్నంలో, 37 ఏళ్లకు, బెల్టు సాధించాడు. 1994లో జార్జ్ ఫోర్‌మన్ 45 ఏళ్లకు గెలిచేదాకా అంత పెద్ద వయసులో హెవీవెయిట్ బెల్టు గెలిచినవాడు మరొకడు లేడు. ఫిలడెల్ఫియాలో మొదటి రౌండులోనే ఎడమ హుక్‌తో మార్సియానోను కింద కూర్చోబెట్టాడు. వృత్తిలో మార్సియానో కింద పడటం అదే మొదలు. 12 రౌండ్లు ముగిసేసరికి రెఫరీ, ఇద్దరు జడ్జీలు, ముగ్గురి కార్డుల్లోనూ వాల్కాట్‌దే ఆధిక్యం. పదమూడో రౌండులో ఒక పొట్టి కుడి గుద్దు తగిలింది. వాల్కాట్ తాడు మీద చెయ్యి వేలాడేసి అలా మోకాళ్ల మీద ఒరిగిపోయాడు, బెల్టు మార్సియానోది అయింది. ఈ పోరాటం చూశాక ప్రత్యర్థి బలహీనుడన్న మాట నోటికి రాదు. ఎనిమిది నెలల తర్వాత షికాగోలో జరిగిన రెండో పోరు మాత్రం చిట్టాలో అంకె పెంచింది తప్ప విలువ పెంచలేదు. వాల్కాట్ మొదటి రౌండులోనే కూలబడి, లెక్క అయిపోయేదాకా లేవనే లేదు.

మరో మాజీ విజేత ఎజర్డ్ చార్ల్స్‌ను కూడా ముసలివాళ్ల జాబితాలో కలిపేయడం ఈ వాదనలో కనిపించే పెద్ద పొరపాటు. 1954 జూన్‌లో మార్సియానోతో మొదటిసారి తలపడినప్పుడు చార్ల్స్ వయసు 32, అంటే మార్సియానో కంటే రెండేళ్లే పెద్ద. తేడా అల్లా రింగులో గడిపిన కాలంలో ఉంది. చార్ల్స్ అప్పటికి తొంభైకి పైగా పోరాటాలు చేశాడు, మార్సియానో 45 చేశాడు. ఆర్చీ మూర్‌ను మూడుసార్లు ఓడించినవాడు, లూయిస్‌ను ఓడించినవాడు చార్ల్స్. 1953లో మాత్రం నీనో వాల్డెస్, హెరాల్డ్ జాన్సన్ అతన్ని ఓడించారు. జారుతున్న మాట నిజం. అయినా మార్సియానోతో 15 రౌండ్లూ నిలబడిన ఏకైక మనిషిగా మిగిలాడు. సెప్టెంబరులో మళ్లీ తలపడినప్పుడు మార్సియానో ముక్కు నిలువునా చీలింది. రక్తం ఆగలేదు. పోరు ఆపేస్తారేమోనన్న స్థితిలో ఎనిమిదో రౌండులో చార్ల్స్‌ను పడగొట్టి గట్టెక్కాడు. మార్సియానో గొప్పతనానికి ఒక్క రుజువు చాలనుకుంటే వాల్కాట్ మొదటి పోరునైనా, ఈ రెండింటిలో ఒకదాన్నైనా చూపవచ్చు. మిగతావి లేకపోయినా ఫర్వాలేదు.

మార్సియానో బెల్టును కాపాడుకున్న మిగతా పోరాటాల్లో లాస్టార్జా రెండోసారి 11వ రౌండులో ఓడాడు. 1955 మేలో శాన్‌ఫ్రాన్సిస్కోలో వచ్చిన ఇంగ్లండ్ బాక్సర్ డాన్ కాకెల్ కాస్త బొద్దుగా ఉండి, గుద్దులు తినడంలో మాత్రం మొండివాడు. తొమ్మిదో రౌండు దాకా లాగాడు. బెల్టుకు అర్హుడన్న నమ్మకం అప్పట్లోనే చాలామందికి లేదు. విమర్శకుల పక్షాన బలమైన సాక్షి ఎవరైనా ఉంటే ఇక్కడే ఉన్నాడు: క్యూబాకు చెందిన వాల్డెస్. చార్ల్స్‌ను ఓడించిన తర్వాత కూడా అతనికి బెల్టు కోసం పోరాడే అవకాశం దక్కలేదు. అదే చార్ల్స్‌కు రెండుసార్లు దక్కింది. చివరికి 1955లో వాల్డెస్‌ను ఓడించి మూర్ దారి క్లియర్ చేశాడు. అలా మార్సియానో శిబిరానికి ఆ తలనొప్పి తప్పింది.

మూర్ వయసు దగ్గర వాదన హాస్యంలోకి దిగుతుంది. పుట్టింది 1916లో అని మూర్, 1913లో అని వాళ్లమ్మ. ఈ విషయంలో తల్లి మాటే నమ్మాలి గనుక 1955 సెప్టెంబరు 21న యాంకీ స్టేడియంలో అరవై వేలకు పైగా జనం ముందు నిలిచినప్పుడు అతనికి 41. రెండో రౌండులో మార్సియానోను కింద పడేశాడు. తొమ్మిదో రౌండులో తానే లేవలేకపోయాడు. మూర్ అప్పుడు లైట్ హెవీవెయిట్ విజేత. ఆ తర్వాత కూడా ఆ బెల్టును రింగులో ఎవరికీ ఓడిపోలేదు. నలభై దాటినా తన బరువులో ఎవడూ ఓడించలేని మనిషిని ఓడించడాన్ని ముసలివాణ్ని కొట్టడం అనేస్తే లెక్క సగమే అవుతుంది.

బరువు మీద వచ్చే అభ్యంతరానికి కొంత బలముంది. మార్సియానో సుమారు 185 పౌన్లు తూగేవాడు, అంటే 84 కిలోలు. నేటి లెక్కలో 200 పౌన్ల లోపు వాళ్లకు క్రూయిజర్‌వెయిట్ అని వేరే తరగతి ఉంది. చార్ల్స్, మూర్ ఇద్దరూ కింది బరువు నుంచి పైకి వచ్చినవాళ్లే. మార్సియానో కాలంలో సోనీ లిస్టన్ లాంటి భారీ మనిషి రింగెక్కలేదని కాదు. 1953లో ఎక్కాడు, పైమెట్టుకు చేరేసరికి మార్సియానో ఇంట్లో ఉన్నాడు. ఎవరు ఎవరిని ఓడించారో చూసి బలం తూచడమూ కుదరదు. తర్వాతి తరం హెవీవెయిట్లలో ఫ్రేజియర్ 1971లో ఆలీని ఓడించాడు, ఫోర్‌మన్ 1973లో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో కూల్చాడు, 1974లో ఆలీ ఫోర్‌మన్‌ను పడగొట్టాడు.

ఈ నింద మార్సియానో ఒక్కడి మీదే పడలేదు. లూయిస్ 1940 డిసెంబరు నుంచి నెలకొకరి చొప్పున కొడుతుంటే పత్రికలు వాళ్లను నెలవారీ దద్దమ్మలన్నాయి. ఆ దద్దమ్మల్లో ఒకడైన బడ్డీ బేర్ లూయిస్‌ను మొదటి రౌండులో తాళ్ల అవతలికి నెట్టాడు. 2017లో ఫ్లాయిడ్ మేవెదర్ తన యాభయ్యో గెలుపు సాధించింది అంతకుముందు ఒక్క వృత్తి బాక్సింగ్ పోరు కూడా ఆడని కానర్ మెక్‌గ్రెగర్ మీద.

అసలు యువకులు ఎందుకు లేరన్నది తరచి అడగవలసిన ప్రశ్న. రెండో ప్రపంచ యుద్ధం 1942 నుంచి 1946 దాకా హెవీవెయిట్ బెల్టునే కదలకుండా చేసింది. ఇరవైల్లో రాటుదేలాల్సినవాళ్లు సైన్యంలో ఉన్నారు. ఆ తర్వాత వారంవారం టీవీలో బాక్సింగ్ రావడంతో జనం ఊళ్లలోని చిన్న క్లబ్బులకు వెళ్లడం మానేశారు. కొత్తవాళ్లు తయారయ్యే చోట్లే మూతపడ్డాయి. మార్సియానో వచ్చేసరికి మిగిలింది యుద్ధానికి ముందు రాటుదేలిన తరమే. వాళ్లు ఆలస్యంగా దొరికారు, అంతే. మార్సియానో తప్పుకున్నాక ఖాళీ అయిన బెల్టు కోసం 1956 నవంబరులో ఎవరిని దింపారో చూస్తే ఆ సంగతి తేలుతుంది. 21 ఏళ్ల ఫ్లాయిడ్ పాటర్సన్‌కు ఎదురుగా నిలిపింది మళ్లీ మూర్‌నే. పాటర్సన్ ఐదో రౌండులో గెలిచాడు. మరుసటి ఏడాది సియాటిల్‌లో పాటర్సన్ బెల్టును కాపాడుకున్నది పీట్ రాడెమాకర్ మీద. ఒలింపిక్ విజేత అయిన రాడెమాకర్‌కు వృత్తి బాక్సింగ్‌లో అదే మొదటి పోరాటం. రెండో రౌండులో పాటర్సన్‌ను కింద పడేశాడు, ఆరో రౌండులో తాను ఓడాడు.