మొండితనం కాదు, కంగారు

మా నాన్నగారు విశాఖ ఉక్కు కర్మాగారంలో, గోదావరి అని పేరున్న బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడాయనకు డిమెన్షియా. పగలు డే కేర్‌లో ఉంటారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే చాలు, కుర్చీలో కుదురుగా కూర్చోరు. జేబులు తడుముకుంటారు, తలుపు దగ్గరికి నడుస్తారు. చెయ్యి పట్టుకుని ఆపితే కసురుకుంటారు. "తాతగారు మహా మొండి" అనేవారు అక్కడివాళ్లు.

ఓ రోజు ఆయనే అన్నారు: "బస్సెళ్లిపోద్దమ్మా, నా పాస్ ఏదీ?"

ప్లాంటులో బి షిఫ్టు రెండింటికి మొదలు. పొద్దున తిన్న ఇడ్లీ గుర్తులేదు గానీ, ఏళ్ల తరబడి చేసిన షిఫ్టు వేళ ఒంట్లో అలాగే ఉంది. డ్యూటీకి ఆలస్యమైపోతోందన్న కంగారు అది.

2023లో వెలువడిన అంచనా ప్రకారం, మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. జబ్బు ముదిరాక చాలామంది "నాకు ఒత్తిడిగా ఉంది" అని చెప్పలేరు. చేతులు నలుపుకోవడం, అడిగిందే అడగడం, అన్నం కంచం తోసేయడం... అదే వాళ్ల మాట. వెనక ఏ నొప్పో ఉండొచ్చు, బాత్రూముకి వెళ్లాలనో, టీవీ రొదో, కొత్త ముఖాలో కావచ్చు. సాయంత్రానికి ఇది ఎక్కువయ్యేవాళ్లూ ఉంటారు. "మీరెప్పుడో రిటైరయ్యారు" అని వాదిస్తే కంగారు పెరుగుతుందే గానీ తగ్గదు.

ఇప్పుడు ఒంటిగంటకల్లా ఆయమ్మ పాత పాస్ కవరు ఆయన చేతికిచ్చి, వరండాలో నాలుగు రౌండ్లు తిప్పి, టీ ఇస్తుంది. అన్ని రోజులూ పనిచెయ్యదు. చాలా రోజులు చేస్తుంది.

మీ పెద్దవాళ్లను డే కేర్‌లో చేర్చేటప్పుడు మందుల చీటీతో పాటు ఇంకో కాగితం ఇవ్వండి: ఏ పని చేసేవారు, ఎన్నింటికి లేచేవారు, ఎలా పిలిస్తే పలుకుతారు. మందుల చీటీ చెప్పని సంగతులు అందులోనే ఉంటాయి.