రిపోర్టులో కనపడని సంగతి

"మా వాడి రిపోర్టు నిక్షేపంలా ఉంది, లోపమంతా నీలోనే" అని మా అక్క కూతుర్ని వాళ్ళ అత్తగారు పనిమనిషి ముందర కూడా అనేస్తారట. పెళ్ళయి ఏడేళ్ళు. ఇప్పుడు టెస్ట్‌ట్యూబ్ ట్రీట్‌మెంట్. ఇంజెక్షన్లు పొడిపించుకునేదీ అదే, మాటలు పడేదీ అదే. మగవాళ్ళ రిపోర్టులో ఉండేదేమిటి? కణాలెన్ని, ఎలా కదులుతున్నాయి, ఆకారం ఎలా ఉంది, అంతే కదా! అసలు సంగతి అందులో ఉండదని నాకు కుందేళ్ళ వల్ల తెలిసింది.

ఇంటర్‌లో బైపీసీ చదివిన పుణ్యమా అని పుస్తకం తిరగేస్తే కాస్త అర్థమైంది. 1951లో అమెరికాలో ఛాంగ్, ఆస్ట్రేలియాలో ఆస్టిన్ అనే శాస్త్రజ్ఞులు ఎవరికి వారే ఒకటి కనిపెట్టారు. అప్పుడే వచ్చిన వీర్యకణం ఎంత చురుగ్గా ఈదినా అండంలోకి పోలేదట. ఆడజీవి ఒంట్లో కొన్ని గంటలు ఉన్నాకే దానికా శక్తి వస్తుంది. 1959లో ఛాంగ్ అలా సిద్ధమైన కణాలతోనే కుందేలు అండాలను గాజు పాత్రలో ఫలింపజేసి, వేరే కుందేలు గర్భంలో పెడితే పిల్లలు పుట్టాయి. మనుషుల్లో మొదటి పాప లూయీస్ బ్రౌన్ 1978లో పుట్టిందంటే వెనక ఈ మూగజీవాలున్నాయన్నమాట.

తర్వాతది ఇంకా చిత్రం. మగవాళ్ళ ప్రోస్టేట్ గ్రంథిలో తయారై వీర్యంలో కలిసే చిన్న పెప్టైడ్ ఒకటుంది. ప్రొటీన్ జాతిదే గానీ మూడే మూడు అమైనో ఆమ్లాల ముక్క. 1990ల్లో ఇంగ్లండులో దాన్ని చిట్టెలుకల వీర్యకణాలకు కలిపి చూశారు. అవి త్వరగా సిద్ధమై, గాజు పాత్రలో ఎక్కువ అండాలను ఫలింపజేశాయి. పైగా వేళకు ముందే పైతొడుగు వదిలేసి వృథా పోకుండా కూడా అదే ఆపింది. పాలు తోడుకునేదాకా వెచ్చగా ఉంచి, తోడుకున్నాక పులిసిపోకుండా చల్లటి చోట పెట్టమూ? అదీ సంగతి.

ఇదంతా కాగితం మీద రాసి మా పిల్లకి పంపాను. "నువ్వే చదివి వినిపించు పిన్నీ, నేనంటే ఆయన తప్పు పట్టుకుంటారు" అంది. ఫోన్లో అల్లుడికి చదివాను. తప్పెవరిదని కాదు బాబూ, లెక్క బాగున్నంత మాత్రాన కణం అండం దగ్గర సిద్ధమవుతుందో లేదో మామూలు పరీక్షలో తెలీదు అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఈ మాట అమ్మకి నేనే చెప్తాను అత్తయ్యా" అన్నాడు.

ఆ పెప్టైడ్ ఎలుకల మీద జరిగిన ప్రయోగం. దాని పేరు చెప్పి ఎవరైనా పొడో టానిక్కో అమ్మజూపితే కొనకండి. డాక్టరమ్మని అడగాల్సింది వేరే ఉంది. పోయినసారి అండాలు ఫలించలేదంటే కారణం చూశారా, ఒక్క కణాన్ని సన్నటి సూదితో నేరుగా అండంలోకి పంపే ఇక్సీ పద్ధతి మాకు పనికొస్తుందా అని. ఆ పద్ధతిలో 1992 నుంచీ పిల్లలు పుడుతున్నారు. అడిగేటప్పుడు భర్త కూడా పక్క కుర్చీలో ఉండాలి సుమండీ.