మేడ మెడ కాకూడదు

నెల రోజులుగా ఒక సౌండ్ కార్డుకి ప్లాన్ రాస్తున్నాను. చేత్తో పట్టుకునే కార్డు కాదు, లేని కార్డు. ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపేటప్పుడు, లోపలి దానికి "ఇదిగో, నీకు సౌండ్ కార్డు ఉంది" అని నమ్మకం కలిగించే ప్రోగ్రామ్. ఇంగ్లీషులో రాస్తే వారంలో అయిపోయేది. తెలుగులో రాయాలని కూర్చున్నాను కాబట్టి నెల పట్టింది. కానీ ఆ నెలలో ప్లానే మారిపోయింది. ఎందుకు మారిందో చెప్తాను. పొడుగు పోస్టు, టీ పెట్టుకుని రండి.

ముందు మాటల సంగతి. వర్చువల్ మెషీన్ల గురించి రాసేవాళ్ళు బయటి కంప్యూటర్‌ని హోస్ట్ అనీ, లోపల నడిచేదాన్ని గెస్ట్ అనీ అంటారు. నేను డిక్షనరీ చూసి "ఆతిథేయి, అతిథి" అని రాసుకున్నాను. అమ్మ చదివి "శుభలేఖలా ఉందే" అని నవ్వింది. ఇప్పుడు "ఇల్లు, చుట్టం" అని రాస్తున్నాను. చుట్టం అన్నాక ఒక తేడా నాకు తేలిగ్గా తెలిసింది. కొందరు చుట్టాలకి తాము వేరేవాళ్ళ ఇంట్లో ఉన్నామని తెలుసు, ఉన్నదానితో సర్దుకుంటారు. ఇంకొందరు ఎక్కడికి వెళ్ళినా తమ ఇల్లే అనుకుంటారు. వాళ్ళ మంచం, వాళ్ళ గ్లాసు, అన్నీ అలవాటైన చోటే ఉండాలి.

కొత్త లినక్స్ మొదటి రకం. దానికోసం వర్ట్ఐఓ సౌండ్ అనే పద్ధతి ఉంది. వర్చువల్ మెషీన్ల కోసమే కాగితం మీద పుట్టిన సౌండ్ కార్డు అది. 2021లో వచ్చిన లినక్స్ 5.13లో దానికి డ్రైవర్ చేరింది. 2023 చివర్లో వచ్చిన క్యూఈఎంయూ 8.2లో ఆ కార్డే చేరింది. నాలుగు క్యూలు: ఆజ్ఞలకి ఒకటి, కబుర్లకి ఒకటి, బయటికి వెళ్ళే శబ్దానికి ఒకటి, లోపలికి వచ్చే శబ్దానికి ఒకటి. చదువుతుంటేనే హాయిగా ఉంటుంది.

నా చుట్టం మాత్రం రెండో రకం. విండోస్ 98.

ఎందుకంటే మా ఇంట్లో ఒక సీడీ ఉంది. నాకు ఐదేళ్ళప్పుడు మామయ్య హైదరాబాద్ నుంచి టెక్సాస్ తెచ్చాడు. తెలుగు అక్షరాలు, మాటలు నేర్పే సీడీ. బొమ్మ మీద నొక్కితే ఒకావిడ ఆ మాట చాలా స్పష్టంగా, తొందర లేకుండా చెప్తుంది. "ళ" అనే అక్షరాన్ని నేను మొదట విన్నది ఆవిడ గొంతులోనే. ఆవిడ ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. గొంతులన్నీ ఒకే పెద్ద ఫైల్లో, ఆ ప్రోగ్రామ్‌కి మాత్రమే తెలిసిన పద్ధతిలో ఉన్నాయి. కాబట్టి ఆవిడ మాట్లాడాలంటే ఆ ప్రోగ్రామ్ నడవాలి, ప్రోగ్రామ్ నడవాలంటే విండోస్ 98 కావాలి.

"దానికి ఎమ్యులేటర్లు బోలెడు ఉన్నాయి కదా" అని మీరు అంటారు. ఉన్నాయి. ఒకదానిలో నడిపాను కూడా. మా అక్క కూతురికి ఆరేళ్ళు. నా పాత లాప్‌టాప్ దాని ఒళ్ళో పెట్టాను. రెండంతస్తుల ఇంటి బొమ్మ మీద నొక్కింది.

"పిన్నీ, ఇది మెడ!"

"మెడ కాదు బంగారం, మేడ."

"కంప్యూటర్ మెడ అనే చెప్పింది."

మళ్ళీ నొక్కమన్నాను. నిజంగానే "మెడ" అంది. లాప్‌టాప్ అందుకోలేక మధ్యలో కొంచెం శబ్దం పోతోంది. పోయిన ముక్క ఏత్వానికి ఉన్న పొడుగు. పాట వింటున్నప్పుడైతే అది చిన్న గతుకు. ఇక్కడ ఇల్లు పోయి మెడ వచ్చింది. పిల్ల రెండు రోజులు మా ఇంటి పై అంతస్తుని "మెడ మీద" అంటూ తిరిగింది. కంప్యూటర్ చెప్పింది కదా, పిన్ని మాట ఎవరు వింటారు.

ఆదివారం తెలుగు క్లాసులో పదిమంది పిల్లలు ఉన్నారు. అందరి దగ్గరా స్కూలు ఇచ్చిన చిన్న లాప్‌టాప్‌లే, వాటిలో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు. బ్రౌజర్ ఒక్కటే దారి. నేనూ ఇద్దరు స్నేహితులూ సరదాకి బ్రౌజర్‌లో నడిచే చిన్న పీసీ ఎమ్యులేటర్ రాస్తున్నాం. తెర వచ్చింది, కీబోర్డు వచ్చింది, డిస్కు వచ్చింది. శబ్దం రాలేదు. ఆ పని నేను తీసుకున్నాను.

ఏ కార్డు? విండోస్ 98లో ముందే డ్రైవర్ ఉన్న కార్డు కావాలి. సౌండ్ బ్లాస్టర్ 16. క్రియేటివ్ కంపెనీ 1992లో తెచ్చింది. దాని అలవాట్లన్నీ అందరికీ తెలిసినవే. హెక్సాడెసిమల్‌లో 220 అనే అడ్రస్ దగ్గర కూర్చుంటుంది. 226 దగ్గర 1 రాసి, ఒక క్షణం ఆగి, 0 రాస్తే కార్డు నిద్ర లేస్తుంది. లేచినట్టు గుర్తుగా ఒక బైటు ఇస్తుంది. ఆ బైటు విలువ 170 అయితే డ్రైవర్ "ఆ, ఉన్నావా" అనుకుంటుంది. అంతే, నమ్మింది. ఇంత తేలిగ్గా నమ్మే చుట్టం మీద నాకు కొంచెం జాలి వేసింది.

ఇప్పుడు అసలు పని. విండోస్ మెమరీలో కొంచెం చోటు తీసుకుంటుంది. 4096 బైట్లు అనుకుందాం. దాన్ని రెండు సగాలుగా వాడుతుంది. రెండూ నింపి కార్డుకి "మొదలుపెట్టు" అంటుంది. కార్డు మొదటి సగం పలికి "అయిపోయింది" అని పిలుస్తుంది. ఆ పిలుపే ఇంటరప్ట్. కార్డు రెండో సగం పలుకుతుండగా విండోస్ మొదటి సగాన్ని కొత్త శబ్దంతో నింపేస్తుంది. బూరెలు వేయించేటప్పుడు ఒక వాయి నూనెలో ఉండగానే అమ్మ తర్వాతి వాయికి ఉండలు చేసి పెట్టుకుంటుంది చూడండి, అలాగ. ప్లాన్‌లో "బ్లాక్" అన్న మాట కొట్టేసి "వాయి" అని రాశాను.

సెకనుకి 22050 శాంపిళ్ళు, శాంపిల్‌కి ఒక బైటు అయితే, 2048 బైట్ల వాయి పలకడానికి దాదాపు 93 మిల్లీసెకన్లు పడుతుంది. నిజం కార్డుకి ఆ 93 తెలుస్తుంది, దాని మీద క్రిస్టల్ ఉంది కాబట్టి. లేని కార్డుకి క్రిస్టల్ లేదు. 2048 బైట్లు చదవడానికి నా ప్రోగ్రామ్‌కి రెప్పపాటు కూడా పట్టదు. చదివేశాను కదా అని వెంటనే "అయిపోయింది" అంటే విండోస్ నమ్మి వెంటనే ఇంకో వాయి ఇస్తుంది. పది నిమిషాల పాఠం చూస్తుండగానే ఖాళీ అవుతుంది. శబ్దాన్ని మోయడం చిన్న పని. "అయిపోయింది" అని ఎప్పుడు అనాలో తెలుసుకోవడం పెద్ద పని.

ఎవరి గడియారం చూసి అనాలి? బ్రౌజర్ గడియారం ఉంది. కానీ ట్యాబ్ మార్చి వేరే పేజీ చూస్తుంటే, వెనకపడిన ట్యాబ్‌లో టైమర్లని బ్రౌజర్ సెకనుకి ఒకసారికి తగ్గించేస్తుంది. సెకను అంటే పది వాయిలకన్నా ఎక్కువ. ఇంకో గడియారం స్పీకర్ వైపు ఉంది. బ్రౌజర్‌లో శబ్దం పలికే భాగం 128 శాంపిళ్ళ చొప్పున "ఇవ్వు, ఇవ్వు" అని అడుగుతూ ఉంటుంది. సెకనుకి 48000 అయితే ఒక్కో అడగడానికీ మధ్య 2.7 మిల్లీసెకన్లు కూడా లేదు. ఈ రెండు గడియారాలూ సరిగ్గా ఒకేలా నడవవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉందనుకోండి. గంటకి 180 మిల్లీసెకన్లు. రెండు వాయిలు ఎక్కడికో పోవాలి, లేదా ఎక్కడి నుంచో రావాలి.

అందుకే మధ్యలో ఒక తొట్టి పెట్టాను. విండోస్ ఇచ్చింది తొట్టిలో పడుతుంది, స్పీకర్ తొట్టిలోంచి తోడుకుంటుంది. వచ్చేది 22050, వెళ్ళేది 48000. అంటే 147 శాంపిళ్ళని 320 శాంపిళ్ళుగా సాగదీయాలి. తొట్టి నిండుతుంటే కొంచెం తక్కువ సాగదీస్తాను, ఖాళీ అవుతుంటే కొంచెం ఎక్కువ. నూటికి అర వంతు కన్నా ఎక్కువ మార్చను. అంత చిన్న తేడాకి మాట పొడుగు మారదు, గొంతు మారినట్టు పిల్లల చెవికి తెలియదు.

ఇక్కడిదాకా మా ముగ్గురికీ పేచీ లేదు. పేచీ దీని తర్వాత వచ్చింది. తొట్టి మరీ నిండిపోతే? ఇంగ్లీషులో నేను ముందు రాసిన చిన్న ప్లాన్‌లో "పాతది పారబోయి" అని ఉంది. నా స్నేహితుడు అదే కావాలంటాడు. అతను పాత డాస్ ఆటలు ఆడతాడు. తుపాకీ పేలిన పదో వంతు సెకను తర్వాత చప్పుడు వస్తే అతనికి ఒళ్ళు మండుతుంది. తొట్టి 20 మిల్లీసెకన్లకి మించకూడదంటాడు. అతని లెక్క తప్పు కాదు, ఆటలకి అదే సరి.

తెలుగులో ప్లాన్ రాస్తూ పరీక్షల దగ్గరికి వచ్చాను. ఇంగ్లీషు ప్లాన్‌లో పరీక్ష అంటే 440 హెర్ట్జ్ బీప్. తెలుగులో "బీప్" అని రాయడానికి చేయి రాలేదు, సీడీలో ఉన్న మాటలు రాశాను. మెడ, మేడ. కలం, కాలం. పడు, పాడు. కల, కల్ల. గడి, గడ్డి. రాసుకుంటూ పోతే పేజీ నిండింది. ప్రతి జతలోనూ తేడా ఏమిటి? ఎంతసేపు. అంతే. ఛందస్సులో లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు మాత్రలు అని చదువుకున్నాం కదా. (మాత్ర అంటే మందు బిళ్ళ కూడా. మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు తికమకపడ్డాను.) తెలుగులో మాత్ర పోతే మాట బతికే ఉంటుంది, కానీ వేరే మాట అయిపోతుంది. బీప్‌లో ఆ నష్టం కనపడదు. బీప్ మధ్యలో 40 మిల్లీసెకన్లు తీసేసినా అది బీపే.

కాబట్టి ప్లాన్‌లో ఆ వాక్యం కొట్టేశాను. నా కార్డు ఏదీ పారబోయదు. తొట్టి నిండితే విండోస్‌కి "అయిపోయింది" అని చెప్పడం ఆలస్యం చేస్తుంది, అది అక్కడే ఆగుతుంది. మాట కొంచెం ఆలస్యంగా వస్తుంది. బొమ్మ మీద నొక్కిన పదో వంతు సెకను తర్వాత "మేడ" వస్తే ఏ పిల్లా అడగదు, "మెడ" వస్తే మాత్రం నేర్చేసుకుంటుంది. తొట్టి ఖాళీ అయితే ఇంకా కష్టం. అప్పుడు మాట మధ్యలో నిశ్శబ్దం దూరుతుంది: "మే... డ". వినడానికి బాగోదు కానీ తప్పు అని పిల్లకే తెలుస్తుంది, మళ్ళీ నొక్కుతుంది. అందుకే తొట్టిలో కనీసం 100 మిల్లీసెకన్లు పడ్డాకే పలకడం మొదలుపెట్టాలని రాశాను.

స్నేహితుడు ఒప్పుకోలేదు. ఒక మీట పెడదాం అన్నాను: ఒక వైపు "ఆట", ఒక వైపు "మాట". పేరు అతనికి నచ్చింది, కానీ మొదట ఏ వైపు ఉండాలన్న దగ్గర ఇద్దరం ఆగిపోయాం. మూడో ఆవిడ ఓటు వేయనంటోంది.

ఇక లోపాల జాబితా. తెనాలిలో మా తాతయ్యకి మైకు సెట్టు ఉండేది, పెళ్ళిళ్ళకీ గుడికీ అద్దెకిచ్చేవాడు. వీడియో కాల్‌లో "శబ్దం పాడైతే మీరు ఏమనేవాళ్ళు తాతయ్యా?" అని అడిగితే, "ఏం పాడైందో బట్టి అంటామే అమ్మాయ్" అని వరసగా చెప్పాడు. ఇప్పుడు మా లోపాలకి అవే పేర్లు. ఈ కార్డులో 8 బిట్ల శబ్దాన్ని మామూలుగా గుర్తు లేని అంకెలుగా, 16 బిట్ల శబ్దాన్ని గుర్తు ఉన్న అంకెలుగా ఇస్తారు. ఒకదాన్ని ఇంకోటి అనుకుంటే గరగర. వేగం తక్కువైతే బొంగురు, ఎక్కువైతే కీచు. తొట్టి ఖాళీ అయితే టకటక. విండోస్ కొత్త వాయి నింపకముందే కార్డు పాత వాయినే మళ్ళీ పలికితే నత్తి. ఎవరైనా "నత్తి వస్తోంది" అంటే ఏ ఫైలు తెరవాలో మాకు తెలుసు. స్నేహితుడికి తెలుగు రాదు, "గరగర" మాత్రం బాగా వచ్చింది.

కార్డు మీద సంగీతం పుట్టించే చిప్ ఒకటి వేరేగా ఉంటుంది. దాన్ని వదిలేశాను, సీడీకి అది అక్కర్లేదు. ముందు నిద్ర లేపడం, తర్వాత ఒక్క వాయి, తర్వాత ఆగకుండా వాయిలు, చివర తొట్టి సర్దుబాటు. ఈ వరసలో రాస్తాను. ప్రతి దశలోనూ బయటికి వచ్చిన శబ్దాన్ని రికార్డు చేసి శాంపిళ్ళు లెక్కపెడతాను. పది నిమిషాల పాఠం పది నిమిషాలే పట్టాలి. ఆ తర్వాత అంకెలు పక్కన పెట్టి, జతలు మా అక్క కూతురికి వినిపిస్తాను.

జతలు ఇప్పటికి ముప్ఫై రెండు ఉన్నాయి. ఒత్తులవి తక్కువ పడ్డాయి, "గడి, గడ్డి" లాంటివి. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళని అడిగి పంపండి. బొమ్మ గీయగలిగే మాటలైతే ఇంకా మంచిది.