నీళ్లు పడని ఊరు

కొత్త ఊరెళ్తే అమ్మ అడిగేది రెండే: తిండెలా ఉంది? నీళ్లు పడ్డాయా?

వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో ఆ రెండూ గుర్తొచ్చాయి. అమెరికాలో ఇంగ్లిష్‌వాళ్ల తొలి శాశ్వత ఊరు ఇదే. 1607 మేలో 104 మంది మగవాళ్లు, అబ్బాయిలు దిగారు. ఒడ్డు పక్కనే లోతెక్కువ, ఓడల్ని చెట్లకే కట్టేయొచ్చు. స్పెయిన్ ఓడలొస్తే కాచుకోవచ్చు. సెక్యూరిటీకి ఫుల్ మార్కులు!

నీళ్లే సున్నా. ఎండాకాలం నది ఉప్పగా మారేది. అవే తాగారు. జ్వరాలు, విరేచనాలు. సెప్టెంబరు చివరికి దాదాపు సగం మంది పోయారు. మిగతావాళ్లను బతికించింది స్థానిక పౌహటన్ తెగలు ఇచ్చిన మొక్కజొన్నే. తర్వాత వాళ్లతోనే గొడవ పెట్టుకున్నారు. 1609 చలికాలంలో ఆ తెగలు కోటను చుట్టుముట్టాయి. లోపల గుర్రాలు, కుక్కలు, ఎలుకలు, చివరికి తోలు బూట్లూ తిన్నారు. వసంతానికి మిగిలింది 60 మందే.

అక్కడి మ్యూజియంలో ఓ 14 ఏళ్ల అమ్మాయి పుర్రె ఉంది. 2012 తవ్వకాల్లో దొరికింది. అసలు పేరు తెలీదు, జేన్ అంటున్నారు. ఎముకల మీద కత్తి గాట్లు. చనిపోయాక ఆమెనూ తిన్నారని శాస్త్రవేత్తలు తేల్చారు.

బయటికొచ్చేసరికి అమ్మ ఫోన్. ‘తిన్నావా?’ అంది. ఎప్పుడూ విసుక్కునేవాణ్ని. ఈసారి విసుక్కోలేదు.