మూడోనాటి అన్నప్రాసన

నాగార్జునసాగర్ పేరులోనే సాగరం ఉంది. నీళ్లలో మాత్రం చిటికెడు ఉప్పు లేదు! ఆ వెనకజలాల ఒడ్డున, నల్గొండ జిల్లా నేరేడుగొమ్ము మండలంలో వైజాగ్ కాలనీ అని ఓ ఊరుంది. సముద్రానికి ఇంత దూరాన ఈ పేరేమిటని కొత్తగా వెళ్లినవాళ్లు ఆశ్చర్యపోతారు. విశాఖ వైపు నుంచి వలస వచ్చి, ఇక్కడే వలలు వేసుకుంటూ స్థిరపడిన కుటుంబాల వల్ల వచ్చిన పేరది. సముద్రపు మనుషులు మంచినీళ్లకు అలవాటు పడిపోయారు. చేపల సంగతి అంత తేలిక కాదు. ఎదిగిన చేప ఎలాగోలా సర్దుకుంటుందేమో కానీ పసికూన సర్దుకోదు.

పండుగప్పనే చూడండి. ఉప్పునీళ్లలో బతుకుతుంది, నదిలో బతుకుతుంది, మంచినీటి చెరువులోనూ బొద్దుగా పెరుగుతుంది. గుడ్లు పెట్టాలంటే మాత్రం సముద్రం వైపు వెళ్లాల్సిందే. కాన్పుకి పుట్టింటికి వెళ్లే కూతురి లాంటిది! గుడ్డు మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక రోజు తిరక్కుండానే పగులుతుంది. బయటికొచ్చే పిల్ల పొడవు ఒకటిన్నర మిల్లీమీటర్లు. అప్పటికి దానికి నోరుండదు. పొట్ట కింద ఉన్న పచ్చసొన సంచే దాని చద్దిమూట. రెండు మూడు రోజుల్లో ఆ మూట ఖాళీ అవుతుంది. సరిగ్గా అప్పుడే నోరు తెరుచుకుంటుంది.

మన ఇళ్లలో పిల్లలకు ఆరో నెలలో అన్నప్రాసన చేస్తాం. ముహూర్తం ఓ వారం అటూ ఇటూ అయినా బిడ్డకొచ్చిన నష్టమేం లేదు, అమ్మపాలు ఉంటాయి. సముద్రపు చేపపిల్లకు ఆ భరోసా లేదు. నోరు తెరిచిన కొద్ది గంటల్లో తగిన తిండి ఎదురుగా కనిపించాలి. ఆలస్యమైతే నీరసిస్తుంది. మరికాస్త ఆలస్యమైతే, ఆ తర్వాత ఎంత తిండి పెట్టినా వేటాడి పట్టుకునే ఓపిక ఉండదు. బతికే ఉంటుంది, కళ్ల ముందే తిండి ఉంటుంది, కానీ తినలేదు. హేచరీ వాళ్లు భయపడేది ఆ గడియకే.

సాగర్ కింది చెరువుల్లో పెంచే బొచ్చె, రవ్వులతో ఇంత తంటా లేదు. ఒకప్పుడు వాటి పిల్లల్నీ నదిలోనే ఏరుకునేవారు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి హార్మోను సూదిమందుతో కార్పు చేపలతో గుడ్లు పెట్టించాక ఆ బెడద తీరింది. జులై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకునేది అందుకే. ఈ పిల్లలు పుట్టుకతోనే నాలుగైదు మిల్లీమీటర్లుంటాయి. చెరువులో పేడ, వేరుశనగ చెక్క వేసి నీరు పచ్చబడనిస్తే, అందులో పుట్టే సూక్ష్మజీవుల్ని తిని అవే పెరుగుతాయి. ఆపైన కాస్త తవుడు చల్లితే చాలు. సముద్రపు పిల్ల నోట్లో తవుడు రేణువైనా పట్టదు. పట్టినా తినదు. కదిలే దాన్నే తింటుంది!

మరేం పెట్టాలి? జవాబు జపాన్‌లో దొరికింది. అదీ ఓ శత్రువు రూపంలో. అక్కడి ఈల్ చేపల చెరువుల్లో నీరు ఉన్నట్టుండి రంగు మారిపోయేది. చేపలకు అదో గండం. పచ్చటి నాచును తినేస్తున్న రోటిఫర్ అనే సూక్ష్మజీవి వల్లే ఇలా అవుతోందని తకాషి ఇతో అనే శాస్త్రవేత్త గుర్తించారు. ఎలా వదిలించుకోవాలని అంతా తలపట్టుకుంటుంటే, 1960లో ఆయన దాన్నే చేపపిల్లలకు మేతగా వాడి చూపించారు. మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండే ఈ జీవి నెమ్మదిగా ఈదుతుంది, త్వరగా పిల్లల్ని పెడుతుంది. చిన్న నోటికి ఇంతకంటే మంచి గోరుముద్ద ఏముంటుంది?

ఆ దారిలోనే థాయిలాండ్ 1971లో పండుగప్ప పిల్లల్ని కృత్రిమంగా పుట్టించింది. మన దేశంలో చెన్నైలోని ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ 1997లో సాధించింది. 2010లో మండపంలో కోబియా, మరుసటి ఏడాది సిల్వర్ పాంపనో వంతు వచ్చాయి. విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన కేంద్రం గ్రూపర్ పిల్లల్నీ పుట్టించింది. గ్రూపర్ పిల్ల నోరు మరీ చిన్నది, మామూలు రోటిఫర్ కూడా పట్టదు. దానికోసం ఇంకా చిన్నవాటిని వెతకాలి.

హేచరీలో చేపని పెంచడం కంటే చేప తిండిని పెంచడమే పెద్ద పని. ముందు నాచును పెంచాలి. నాచుతో రోటిఫర్లను పెంచాలి. రోటిఫర్లతో పిల్లల్ని పెంచాలి. ఒక్క తొట్టె పాడైతే ఆ పైనున్న వరసంతా పస్తే! కడుపు నిండితే చాలదు, సత్తువా ఉండాలి. మంచినీటి చేపలు తమకు కావలసిన కొన్ని కొవ్వుల్ని ఒంట్లోనే తయారు చేసుకోగలవు. సముద్రపు చేపలకు ఆ నేర్పు చాలా తక్కువ. ఈస్టుతో పెంచిన రోటిఫర్లు ఎన్ని తిన్నా, మెదడుకీ కంటికీ కావలసిన డీహెచ్ఏ అందక పిల్లలు చనిపోతాయి. అందుకే రోటిఫర్లకు ముందుగా ఆ కొవ్వుల్ని తినిపించి, తర్వాత వాటిని పిల్లలకు వేస్తారు. పాలిచ్చే తల్లికి పథ్యం పెట్టినట్టే.

వారం పది రోజులు దాటాక ఆర్టీమియా మొదలవుతుంది. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ లాంటి ఉప్పు సరస్సుల నుంచి వచ్చే ఎండు గుడ్లవి. ఉప్పునీళ్లలో వేస్తే ఒక్క రోజులో పిల్లలవుతాయి. మూడు వారాలు గడిచేసరికి పండుగప్ప పిల్లలకు మరో జబ్బు వస్తుంది... తోడబుట్టినవాళ్లనే మింగడం! తనలో సగానికి పైగా పొడవున్న తమ్ముణ్ని కూడా అమాంతం మింగేస్తుంది. పెద్దవాటిని, చిన్నవాటిని రోజుల తేడాతో వేరు చేస్తూనే ఉండాలి.

ఇదంతా సముద్రతీరం గొడవ, సాగర్‌కేం సంబంధం అనిపించొచ్చు. సంబంధం ఉంది. తెలంగాణ జలాశయాల్లో 2017 తర్వాత నీలకంఠ రొయ్యపిల్లల్ని వదిలారు. మంచినీటి రొయ్య అని పేరే గానీ, దాని పిల్లలు మంచినీళ్లలో కొద్ది రోజులకు మించి బతకవు. వాటికి ఉప్పు కావాలని మలేసియాలో షావో వెన్ లింగ్ 1960ల మొదట్లో కనుక్కున్నారు. సముద్రపు నీటిలో మూడో వంతు ఉప్పుంటే చాలు, ఆర్టీమియా తింటూ నెల రోజుల్లో రొయ్య రూపానికొస్తాయి. అప్పుడు నెమ్మదిగా ఉప్పు తగ్గించి మంచినీళ్లకు అలవాటు చేస్తారు. 1955లో నెహ్రూ పునాదిరాయి వేసిన సాగర్ డ్యామ్ ఎడమ కాలువ మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ వైపు పొలాలకు నీళ్లిచ్చింది. కానీ 124 మీటర్ల ఆ గోడ దాటి రొయ్య సముద్రం దాకా వెళ్లి రాలేదు. దిగువన పులిచింతల, ప్రకాశం బ్యారేజీ కూడా ఉన్నాయాయె. కాబట్టి సాగర్ నీళ్లలో నీలకంఠ రొయ్య కావాలంటే, ఎక్కడో తీరంలో ఎవరో ఉప్పునీళ్ల తొట్టెలో దాన్ని సాకి పంపాల్సిందే.

ఆ సాకేవాళ్లకు పండగలూ సెలవులూ ఉండవు. పిల్లలు నోరు తెరిచే రోజున నిద్రా ఉండదు. మిల్లీలీటరు నీటిలో 10 నుంచి 20 రోటిఫర్లు ఉండాలి, తగ్గితే కలపాలి. అంతకుమించి చేయగలిగిందేమీ లేదు. తల్లిలా ఒళ్లో కూర్చోబెట్టుకుని తినిపించడానికి లేదు, తిన్నావా అని అడగడానికీ లేదు. తెల్లవారుజామున పిపెట్‌తో నాలుగు పిల్లల్ని తీసి సూక్ష్మదర్శిని కింద పెడతారు. పిల్ల ఒళ్లు గాజులా ఉంటుంది, లోపలి పేగు కూడా కనిపిస్తుంది. అందులో చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే రోటిఫర్లు లోపలికి వెళ్లినట్టే. పిల్ల ముద్ద మింగింది. ఆ రోజుకి అదే పండగ!