సిరిసిల్లలో ఓటేసి తెచ్చుకున్న కరెంటు

సహకార సంఘాల సంచిక కోసం సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం (సెస్) చూసి రమ్మని సంపాదకుడు పంపించారు. ఒక మాజీ డైరెక్టరును కలవమన్నదీ ఆయనే. ఆఫీసు, సబ్‌స్టేషను, బిల్లుల కౌంటరు అన్నీ చూపిస్తానని ఆ పెద్దమనిషి బయల్దేరదీశాడు గానీ ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే షెడ్డు దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి.

లోపల మేస్త్రీ ఒకతను కాలిన కాయిల్ విప్పుతున్నాడు. మాడిన కాగితం పొరలుగా రాలుతోంది. కళ్లతో కాదు, వేళ్లతో వెతుకుతున్నాడు. ఒకచోట వేలు ఆగింది. అక్కడే కాలిందట. పక్కన ఇంకో కాయిల్‌కు కొత్త తీగ చుడుతున్నప్పుడు చూశాను, ఎడమచేతి బొటనవేలు తీగను క్షణమైనా వదల్లేదు. ఒక్క చుట్టు వదులైతే చాలు, లోడు పడ్డప్పుడు తీగ కదులుతుంది, కాగితం చిరుగుతుంది, మళ్లీ ఇదే షెడ్డుకు రావాల్సిందే. ఇంత చేయితిరిగిన పనివాడి పేరు ఆ తీగ మీద ఎక్కడా ఉండదు.

"ఏ ఊరిది తమ్మీ ఇది?" అన్నాడు మాజీ డైరెక్టరు.

మేస్త్రీ ఊరు చెప్పి, "ఇరవై అయిదు కేవీఏ అన్నా. అయిదు హెచ్‌పీ మోటర్లు నాలుగు గుంజుతది. ఎనిమిది పెట్టిండ్రు. కాలకేం జేస్తది?" అన్నాడు.

పెద్దాయన ముఖం చిన్నబోయింది. అక్కడికక్కడే ఆ ఊరికి ఫోన్ చేశాడు. "కొత్త మోటరు పెట్టేటోడు ముందుగాల చెప్పాలె గదరా! చెప్తే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అడుగుదుము. ఇప్పుడు అందరి పొలాలు ఎండబట్టె." పదవి పోయినా ఆయన ఆ బాధ్యతను దింపుకోలేదు.

1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టింది. దాని ప్రోత్సాహంతో దేశంలో మొదట వచ్చిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో 1970 నాటి సిరిసిల్ల సంఘం ఒకటి. కరెంటును టోకున కొని ఊళ్లకు, పొలాలకు, సాంచాలకు (మరమగ్గాలకు) పంచుతుంది. మిగతా ఉత్తర తెలంగాణకు కరెంటిచ్చే పంపిణీ సంస్థ (డిస్కం)లో డైరెక్టర్లను ప్రభుత్వం నియమిస్తుంది, వాళ్లు హన్మకొండలో కూర్చుంటారు. ఇక్కడ సభ్యులైన వినియోగదారులే ఓటేసి 15 మంది డైరెక్టర్లను ఎన్నుకుంటారు. డైరెక్టరు ఇల్లు రైతుకు తెలుసు.

ఈ మాజీ డైరెక్టరుది సాంచాల కుటుంబం. నేసిన గుడ్డకు మీటర్ల లెక్కన కూలి వచ్చే ఇంట్లో కరెంటు పోతే ఆ పూట సంపాదనా పోతుంది. ఆ బాధే సంఘంలోకి తెచ్చిందట. గెలిచాక ఎండాకాలమంతా బావుల వెంట తిరిగి, మోటర్లకు కెపాసిటర్లు పెట్టించడం, ట్రాన్స్‌ఫార్మరు ఎర్త్ గుంతలో నీళ్లు పోయించడం చేశాడు. బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద లైట్లు వెలిగేదాకా ఇంటికి పోయేవాడు కాదు. ఎవరింట్లోనైనా దినాలకు పోతే భోజనాల బంతిలోనే వంగిన స్తంభం ముచ్చట వచ్చేది. "ఆడనే రాసుకునేటోణ్ని. యాదికుండదు గద" అన్నాడు. ప్రజాసేవ అని మనం పెద్ద మాటలు వాడతాం. దానికి నాకు తెలిసిన నిజమైన కొలత, ఆ బంతిలో తీసిన నోటుబుక్కే.

ఆయన ఫిర్యాదు వేరే ఉంది. "ఓటు కాడ లైన్ల నిలబడ్డోళ్లు లెక్కల మీటింగుకు రారు."

ఈ మాట నన్ను వదలడం లేదు. 2022 డిసెంబరులో సెస్ ఎన్నికలు అసెంబ్లీ ఎన్నికలంత జోరుగా జరిగాయి. ప్రధాన పార్టీలు దిగాయి. సంఘం మీద అంత ఆశ ఉన్నందుకు సంతోషమే. కానీ పార్టీ జెండా చూసి గెలిపించిన డైరెక్టరును ట్రాన్స్‌ఫార్మరు గురించి నిలదీసే అలవాటు పోతే, ఆ పదవి రాజకీయాల్లో ఇంకో మెట్టుగా మిగులుతుంది. అప్పుడు సంఘాన్నే ఎత్తేసినా అడ్డుపడేవాళ్లు ఉండరు. ఆ మొదటి అయిదింటిలోదే అయిన మహారాష్ట్ర ములా-ప్రవర సంఘం చేతినుంచి 2011లో పంపిణీ జారిపోయింది. కుప్పం, చీపురుపల్లి, అనకాపల్లి సంఘాలను డిస్కంలకు అప్పగించమని 2021లో ఆదేశాలు వచ్చాయి. నష్టాలు, లైసెన్సులు, బకాయిలు, కారణాలు ఎన్నయినా చెప్పవచ్చు. సభ్యుల చేతిలోంచి ఒకసారి జారిన సంఘాన్ని మళ్లీ కట్టుకోవడం మాత్రం చాలా కష్టం.

సెస్ బిల్లు కట్టే పాఠకులకు నా విన్నపం ఒకటే. సర్వసభ్య సమావేశం నోటీసు వస్తే తప్పక వెళ్లండి. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మరు ఎన్ని కేవీఏ, దాని మీద ఎన్ని మోటర్లున్నాయి, కిందటేడు ఎన్నిసార్లు కాలింది, ఇవి అడగండి. మీరు ఓటేసి పంపిన డైరెక్టరే జవాబు చెప్పాలి.